ముందు వరసలో నాలుగు గంపలు

పానకాలరావుగారి లెక్క ప్రకారం ఒకటీ ఒకటీ రెండు. ఇమ్మానియేలు ఎన్నిసార్లు చేసినా ఒకటే వస్తోంది.

గుంటూరులోని ఆ కాలేజీలో పానకాలరావుగారు ఫిజిక్సు హెడ్డు. ఇమ్మానియేలు అదే డిపార్టుమెంటులో ట్యూటరు, అదీ టెంపరరీ. 1965 ఫిబ్రవరిలో ఒక బుధవారం పొద్దున హెడ్డుగారి బల్ల మీద ముప్ఫై ఎనిమిది ఫుల్‌స్కేపు కాగితాలు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాగితం నిండా ఎనిమిది అడ్డు వరసలు, ఎనిమిది నిలువు వరసలు, వాటి నిండా అంకెలు. పెన్సిలు అరిగి అరిగి బొటనవేలంత అయిపోయింది. దాన్ని చెవి మీద పెట్టుకున్న సంగతి అతను మరిచిపోయాడు.

పానకాలరావుగారు కోటు జేబులోంచి నస్యం డబ్బీ తీశారు. మూత మీద రెండుసార్లు తట్టి, చిటికెడు తీసి, కుడి ముక్కుకు ఒక దఫా, ఎడమ ముక్కుకు ఒక దఫా ఎక్కించారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన తుమ్మగా చూసినవాళ్ళు డిపార్టుమెంటులో లేరు. ఆఖరి కాగితం తిప్పి, అడుగున గీత కింద ఉన్న అంకె చూశారు.

"మళ్ళీ ఒకటేనా?"

"ఒకటేనండి."

"ఎన్నోసారి?"

"పదకొండోసారండి."

"పదకొండుసార్లు చేసి పదకొండుసార్లూ తప్పు చేసేవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదయ్యా. కనీసం ఒక్కసారన్నా పొరపాటున ఒప్పు రావాలిగా!"

విషయం ఇది. కొన్ని పరమాణువుల కేంద్రకంలో బొంగరం లాంటి చిన్న అయస్కాంతం ఉంటుంది. పెద్ద అయస్కాంతం మధ్య పెడితే వాటిలో కొన్ని తల పైకి, కొన్ని తల కిందికి పెట్టుకుని నిలబడతాయి. పైకి పెట్టినవి ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరును పానకాలరావుగారు మొగ్గు అనేవారు. హైడ్రోజనుకు మొగ్గు ఎక్కువ. కార్బనుకు ఎంత తక్కువంటే, అది అక్కడ ఉందో లేదో పరికరానికి తెలియదు. పక్కనున్న హైడ్రోజను మొగ్గును రేడియో తరంగాలతో తట్టి తట్టి కార్బనుకు మళ్ళిస్తే అప్పుడు కార్బనూ కనపడుతుంది. పక్కన ఒక్క హైడ్రోజను ఉంటే దాని మొగ్గు మొత్తం కార్బనుకు ఇప్పించవచ్చు. అక్కడిదాకా హెడ్డుగారికీ ట్యూటరుకూ పేచీ లేదు. రెండు హైడ్రోజన్లుంటే రెట్టింపు మొగ్గు రావాలని హెడ్డుగారి పేపరు. ఏ వరసలో ఎన్ని దెబ్బలు తడితే ఆ రెట్టింపు వస్తుందో లెక్క తేల్చడం ట్యూటరు పని.

పేపరు టైపు కూడా అయిపోయింది. నాలుగో పేజీలో లెక్క కోసం వదిలిన జాగా ఒక్కటే ఖాళీ. ఆఖరి పేజీ చివర 'లెక్కలు సరిచూసినవారు' అన్న మాట కింద ఇమ్మానియేలు సంతకానికి గీత గీసి ఉంది.

"శనివారం హయాత్‌గారు వస్తున్నారు," అన్నారు పానకాలరావుగారు. "యూనివర్సిటీలో ఈ విషయం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన సరే అంటే పేపరు అచ్చవుతుంది. అదే రోజు నీ పోస్టు సంగతి కూడా నేను రాసి పంపాలి. సమర్థుడు అని రాయమంటావా, కూడికలు రావని రాయమంటావా?"

"ఇంకోసారి చేస్తానండి."

"చెయ్యి. ఈసారి రెండు వచ్చేదాకా ఆపకు."

ఇమ్మానియేలు కాగితాలు సంచీలో సర్దుకున్నాడు. ఎం.ఎస్సీ. చదివించడానికి పాలెంలో పెద్దమ్మ రెబ్కమ్మ ఎన్ని మిరప సీజన్లు ఎండలో కూర్చుందో అతనికి తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఆమె మొహం చూడలేడు. అలాగని రాని రెండును వచ్చిందని సంతకం పెడితే, తన మొహం తాను చూసుకోలేడు.

గురువారం మధ్యాహ్నం క్లాసులు లేవు. సైకిలు హ్యాండిలుకు కాగితాల సంచీ తగిలించుకుని ఇంటికి బయల్దేరాడు. వాళ్ళ పాలెం పెదకాకాని దాటాక ఉంటుంది. పాలేనికి ముందు మాలకొండయ్యగారి మిరప కల్లం. అర ఎకరం నేల నిండా కాయలు ఎండుతున్నాయి. కొంగులు ముక్కులకు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. కల్లంలోంచి మాలకొండయ్యగారి గొంతు రోడ్డు మీదికి వినిపిస్తోంది. ఆయన గొంతు అలా వినిపించడం కొత్త కాదు గాని, మధ్యలో పెద్దమ్మ పేరు వినపడి ఇమ్మానియేలు సైకిలు దిగాడు.

ఆ కల్లంలో ఒక ఆచారం ఉంది. ఎర్రకాయల్లోంచి పాలిపోయిన తాలు కాయలు ఏరకముందు, కొనే బేరగాడు వచ్చి ఎనిమిది గంపలు చూస్తాడు. వాటిని చూపు గంపలంటారు. కోసిన ఎనిమిదిమంది ఎవరి గంప వాళ్ళు నింపి, పాతచీర పేలిక ఒకటి గుర్తుగా కడతారు. ఒకసారి పేలిక కట్టాక, బేరగాడు చూసేదాకా ఇంకొకరు ఆ గంపలో చెయ్యి పెట్టకూడదు. ఊళ్ళో ఆడవాళ్ళ గంపల్లో పాలెం ఆడవాళ్ళు చెయ్యి పెట్టకుండా ఎప్పుడో ఎవరో పెట్టిన కట్టుబాటు ఇది. పాలెం వాళ్ళు ఊరుకుంటారా, అయితే మా గంపల్లో మీరూ పెట్టొద్దన్నారు. ఇప్పుడు ఎవరి గంప వాళ్ళ పరువు. మేస్త్రీ అయినా సరే, గంపను గంపగా ఎత్తి ఇక్కడినుంచి అక్కడ పెట్టాల్సిందే. నాలుగు ముందు వరసలో, నాలుగు వెనక వరసలో. బేరగాడు ముందు వరసను కళ్ళు పెట్టి చూస్తాడు, వెనక వరస మీదుగా చూపు పోనిస్తాడు. ఏది ముందుండాలో తేల్చడంలోనే మేస్త్రీ పనితనం. పద్నాలుగేళ్ళుగా ఆ మేస్త్రీ రెబ్కమ్మ. మేస్త్రీకి గుర్తు చేతిలో పెద్ద చాట.

"పోయినేడు ఒక్క చేనే వేశాను," అంటున్నాడు మాలకొండయ్య. పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, ముందు వరస దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. "గంపకు ఒక చాట కాయ. ముందు వరస నాలుగూ ఎర్రగా కళకళలాడినయ్యి. ఈ ఏడు రెండు చేలు వేశా. గంపకు రెండు చాటలు. మెరకచేను చాట ఒకటి, పల్లపుచేను చాట ఒకటి. అంటే పోయినేటికి రెట్టింపు ఎరుపు ఉండాలా, వద్దా? ఇదేందే ఇది? రెండు ఎర్ర గంపలు, రెండు కలగాపులగం గంపలు!"

"రెండే గదయ్యా ఎర్రయి ఉంది," అంది రెబ్కమ్మ. కొంగు ముక్కు మీంచి కిందికి లాగి, వేళ్ళు మడిచి చూపించింది. "రెండు గంపల్లో రెండు చేల చాటలూ ఎరుపే పడ్డయ్యి. రెండు గంపల్లో రెండు చాటలూ తాలే. మిగతా నాలుగింట్లో ఒక చాట ఎరుపు, ఒక చాట తాలు. ఎర్ర గంపలు రెండూ ముందు పెట్టా. తాలు గంపలు రెండూ ఎనక్కి నెట్టా. మిగిలిన నాలుగూ ఒకటే రకం, ఏయి ముందుంటే ఏంది, ఏయి ఎనకుంటే ఏంది? ఇంకో రెండు ఎర్ర గంపలు యాడనుంచి తేను, నీ తలగుడ్డలోంచి తీసేదా?"

పక్కనున్న ఆడవాళ్ళు కొంగుల్లో నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. మాలకొండయ్య లేచి నిలబడ్డాడు.

"నీకు పేర్చడం చేతగావట్లేదు. వయసు మీదబడింది. చాట ఇటియ్యి. కొండమ్మా, నువ్వు పేర్చు."

కొండమ్మ మాలకొండయ్యకు మేనత్త కూతురు. చాట అందుకుని, గంపలు ఎత్తి దించి, ఎత్తి దించి చెమటలు కక్కింది. కాసేపటికి ముందు వరసలో రెండు ఎర్ర గంపలు, రెండు కలగాపులగం గంపలు ఉన్నాయి.

"ఇప్పుడు కాస్త నయం," అన్నాడు మాలకొండయ్య.

"నేను పేర్చిందీ అదే గదయ్యా!"

"సోమవారం బేరగాడొస్తాడు. అప్పటికి కొండమ్మ ఇంకా సర్దుద్ది. నువ్వు పోయి తాలు ఏరుకో."

రెబ్కమ్మ కొంగు మళ్ళీ ముక్కుకు కట్టుకుంది. చాట పట్టుకునీ పట్టుకునీ ఆమె ఎడమచేతి వేళ్ళు వంపు తిరిగిపోయాయి. ఖాళీ చేతిని కూడా అలాగే వంచుకుని, పోయి ఆఖరి వరసలో కూర్చుంది. చూస్తున్న ఇమ్మానియేలుకు కోపంతో చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్ళ మేస్త్రీతనం, లేని ఎరుపును పుట్టించలేదని పోయింది! మాలకొండయ్యను నాలుగు మాటలు అడుగుదామని కల్లంలోకి రెండడుగులు వేశాడు.

అక్కడే ఆగిపోయాడు.

ఎనిమిది గంపలు. రెండు ఎరుపు, నాలుగు కలగాపులగం, రెండు తాలు. ముందు నాలుగు, వెనక నాలుగు.

తన కాగితంలోనూ వరసలు ఎనిమిదే. రెండు హైడ్రోజన్లు, ఒక కార్బను. ఒక్కొక్కటి పైకో కిందికో. అన్నీ కలిపి ఎనిమిది రకాలు. హైడ్రోజను పైకుంటే ఎరుపు, కిందికుంటే తాలు. హైడ్రోజన్లు రెండూ పైకున్నవి రెండు, రెండూ కిందికున్నవి రెండు, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నవి నాలుగు. కార్బను పైకున్న నాలుగూ ముందు వరస. కిందికున్న నాలుగూ వెనక వరస. రేడియో దెబ్బ ఎంత తెలివిగా కొట్టినా గంపను జరుపుతుందే గాని గంపలో చెయ్యి పెట్టలేదు. సగం జరిపితే సగం ఫలితమే. మొత్తం జరిపినా పెద్దమ్మ పేర్చిన వరసను మించి రాదు. ముందు వరసలో ఆరు చాటల ఎరుపు, రెండు చాటల తాలు. తాలును ఎరుపులోంచి కొట్టేస్తే నాలుగు. నాలుగు గంపల మీద నాలుగు. గంపకు ఒకటి. పోయినేడు ఒక్క చేను ఉన్నప్పుడూ గంపకు ఒకటే!

పదకొండుసార్లూ ఒకటే వచ్చింది, ఎందుకంటే ఒకటే వస్తుంది. రెండు కావాలంటే ముందు వరస నాలుగూ నిండు ఎరుపు కావాలి. ఉన్నవి రెండే.

"పెద్దమ్మా!" అని గట్టిగా అరిచాడు. అరిచిన నోటితోనే గాలి పీల్చాడు. మిరప కల్లంలో ఎవరూ చెయ్యని పని అది. ఏడు తుమ్ములు తుమ్మాడు. ఎనిమిదో తుమ్ముకు చెవి మీది పెన్సిలు ఎగిరి కాయల్లో పడింది.

"ఏందిరా అబ్బాయా, ఏమైందిరా?" అంటూ రెబ్కమ్మ పరుగెత్తుకొచ్చి వీపు రాసింది.

"నువ్వు పేర్చిందే ఒప్పు పెద్దమ్మా. నేను చేసిందీ ఒప్పే," అన్నాడు కళ్ళ నీళ్ళతో.

"నేను పేర్చింది ఒప్పని నాకు తెలవదా? దానికి ఏడుస్తావేంది?"

శుక్రవారం పొద్దున్నే ఇమ్మానియేలు హెడ్డుగారి గదికి వెళ్ళి, ఒక్క కాగితం మీద గంపల బొమ్మ వేసి అంతా చెప్పాడు. పానకాలరావుగారు నస్యం పీల్చడం మరిచిపోయి విన్నారు. వినడమైతే విన్నారు.

"ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పినవాడికి నువ్వు మిరపకాయలు చెబుతావా?"

"మిరపకాయలు కాదండి, గంపలండి. మనం గంప విప్పలేమండి."

"విప్పక్కర్లేదు. సరిగ్గా పేర్చడం రావాలి. నీకూ రాదు, మీ పెద్దమ్మకూ రాదు."

తననంటే పడేవాడే. పదకొండుసార్లు పడ్డాడు. పెద్దమ్మనన్నారని ఇమ్మానియేలుకు పౌరుషం వచ్చింది.

"అయితే మీరే పేర్చి చూపించండి సార్."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. హెడ్డుగారితో అలా మాట్లాడినవాడు ఆ కాలేజీలో లేడు. పానకాలరావుగారు నస్యం డబ్బీ బల్ల మీద టక్కున పెట్టారు. ఆయన కోపిష్ఠే గాని, పందెం అంటే వెనక్కి తగ్గే మనిషి కాదు.

"తెప్పించు గంపలు! రేపు హయాత్‌గారి ముందే పేరుస్తాను. నాలుగూ ఎరుపు చేసి చూపిస్తాను. చేశాక ఆ గీత మీద సంతకం పెడతావా?"

"పెడతానండి. రాకపోతేనండి?"

"రాకపోవడం ఏమిటయ్యా? ఒకటీ ఒకటీ రెండు కాదూ!"

గంపలు అడగడానికి సాయంత్రం ఇమ్మానియేలు మాలకొండయ్య దగ్గరికి వెళ్ళాడు. చూపు గంపలను కల్లం దాటిస్తానంటే తంతాడేమో అనుకుంటూ వెళ్ళాడు. మాలకొండయ్య సాంతం విని, గడ్డం గోక్కున్నాడు.

"మీ హెడ్డుగారికి నాలుగూ ఎరుపు చెయ్యడం తెలుసంటనా?"

"తెలుసంటున్నారండి."

"గంపలో చెయ్యి పెట్టకుండానే?"

"పెట్టకుండానేనండి."

మాలకొండయ్య కళ్ళు మెరిశాయి. "పెద్ద చదువులు చదివినోళ్ళకు ఏదో కిటుకు ఉంటదయ్యా. బండి కడతా. నేనూ వస్తా. ఆ కిటుకేందో చూసొస్తే సోమవారం బేరగాడి కళ్ళు తిరిగిపోవాల."

"నేనూ వస్తా," అంది అప్పుడే తాలు ఏరి లేచిన రెబ్కమ్మ. "గంపల్లో ఎవరి చెయ్యీ పోకుండా కాయాల. ఆ పని కొండమ్మ వల్ల గాదు. దానికి ఎవరి పేలిక ఎవరిదో తెలవదు."

మాలకొండయ్య కాదనలేదు. కొండమ్మకు నిజంగానే తెలియదు.

శనివారం పదకొండింటికి హయాత్‌గారు వచ్చారు. పల్చటి మనిషి, తెల్లటి షేర్వాణీ, మాట నెమ్మది. టీ తాగి, "పేపరు చూద్దామా?" అన్నారు.

"ముందు ప్రయోగం," అన్నారు పానకాలరావుగారు. ల్యాబు హాలు తలుపు తెరిపించారు.

ల్యాబులో బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. నేల మధ్య ఎనిమిది గంపల మిరపకాయలు. పక్కన తలగుడ్డ చుట్టిన ఆసామి. గంపలకు కాపలాగా, నడుముకు కొంగు బిగించి నిలబడ్డ ముసలామె. హయాత్‌గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"ఇది మాగ్నెటిక్ రెజొనెన్సా?"

"అవునండి," అన్నాడు ఇమ్మానియేలు. ఏ గంప దేనికి గుర్తో, ముందు వరస ఏమిటో, చెయ్యి ఎందుకు పెట్టకూడదో చెప్పాడు. హయాత్‌గారు తల ఊపుతూ విని, ఏదో అడగబోయి తుమ్మారు. పెద్దమనిషికి ఇబ్బందిగా ఉందని అటెండరు జక్రయ్య మర్యాదకు పోయి ఫ్యాను వేశాడు.

ఆ తర్వాత పావుగంట డిపార్టుమెంటులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. హయాత్‌గారు తుమ్మారు. జక్రయ్య తుమ్ముతూ ఫ్యాను స్విచ్చి కోసం గోడంతా తడిమాడు. పక్క గదిలో కెమిస్ట్రీవాళ్ళు తమదే ఏదో సీసా పగిలిందనుకుని క్లాసు ఖాళీ చేశారు. మాలకొండయ్యా రెబ్కమ్మా, పుట్టినప్పటినుంచీ ఈ గాలే గనక, మొహాలు మొహాలు చూసుకుని ఊరుకున్నారు. ఇక కాలేజీవాళ్ళలో తుమ్మనిది పానకాలరావుగారొక్కరే. కోటు విప్పి కుర్చీకి తగిలించి, పంచె ఎగ్గట్టి, ఆయన గంపలు మోస్తున్నారు.

మొదట పెద్దమ్మ పేర్చినట్టే వచ్చింది. "ఇది కాదు," అని అన్నీ మార్చారు. ఎర్ర గంపలు చెరో చివర పెట్టారు. మధ్యలో పెట్టారు. కలగాపులగం గంపలు నాలుగూ ముందుకు తెచ్చి చూస్తే ఎరుపూ తాలూ సరిసమానమయ్యాయి. "ఛ!" అని వెనక్కి తోశారు. ఒక గంప నడుమెత్తు లేపి దించేసరికి ఆయాసం వచ్చింది. కళ్ళలో చెమట పడి మిరప చేత్తో తుడుచుకున్నారు. నస్యం కాపాడింది ముక్కును మాత్రమే. కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"నీళ్ళు పెట్టొద్దయ్యా, ఇంకా మండుద్ది," అంది రెబ్కమ్మ. "కొంగు ఆవిరి పట్టు." తన కొంగు నోటి దగ్గర ఊది ఇవ్వబోయి, ఏమనుకుంటారో అని ఆగింది. పానకాలరావుగారు మంటలో ఆ కొంగే గుంజుకుని కళ్ళకు అద్దుకున్నారు.

మంట తగ్గాక, ఆయన రెండు తాలు గంపలూ కాలితో బల్ల కిందికి తోసి, "ఇప్పుడు చూడండి," అన్నారు.

"బల్ల కిందికి నెడితే లేనట్టా అయ్యా?" అంది రెబ్కమ్మ.

హయాత్‌గారికి నవ్వొచ్చి, నవ్వులోంచి తుమ్మొచ్చింది. పానకాలరావుగారు గంపలు మళ్ళీ బయటికి లాగారు. ఒక కలగాపులగం గంప ముందు చతికిలబడ్డారు. అందులో పైన ఎరుపు కనపడుతోంది, కింద తాలు. చెయ్యి గంప అంచు మీద పెట్టారు. వేళ్ళు లోపలికి వంగబోయాయి. రెబ్కమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అరగంట దాటింది. ఇమ్మానియేలుకు గెలిచానన్న సంబరం కలగలేదు. చెమటతో, ఎర్రబడ్డ కళ్ళతో, గంపల మధ్య చిన్నపిల్లాడిలా కూర్చున్న హెడ్డుగారిని చూస్తే జాలేసింది. ఇప్పుడు ఆయన కోటు తొడుక్కుని 'అసమర్థుడు' అని రాసేసినా అడిగేవాళ్ళు లేరు. ఆ భయం కూడా వేసింది.

"ఎరుపు రెండే ఉన్నాయి," అన్నారు పానకాలరావుగారు చివరికి, ఎవరితోనో కాదు, గంపలతోనే.

"ఆ ముక్కేగా నేను గురువారం చెప్పింది," అంది రెబ్కమ్మ మాలకొండయ్య వంక చూస్తూ. మాలకొండయ్య తలగుడ్డ సర్దుకున్నాడు.

హయాత్‌గారు ముందుకు వంగి, "మూడు చేలైతేనో?" అని అడిగారు.

"మూడు రె..." అని ఆగిపోయారు పానకాలరావుగారు. బల్ల మీది సుద్దముక్క అందుకుని నేల మీద గుండ్రాలు గీయడం మొదలెట్టారు. పదహారు గుండ్రాలు. మూడూ ఎరుపైనవి రెండు, రెండు ఎరుపు ఒకటి తాలు అయినవి ఆరు, ఒకటి ఎరుపు రెండు తాలు అయినవి ఆరు, మూడూ తాలైనవి రెండు. ముందు వరసకు ఎనిమిది. ఇమ్మానియేలు ఆ లెక్క ముందు రోజు రాత్రే చేసుకున్నాడు. పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు. హెడ్డుగారు వేళ్ళ మీద కూడారు, తీసేశారు, మళ్ళీ కూడారు.

"ఒకటిన్నర," అన్నారు. "ఒకటిన్నరేనా?"

"ఒకటిన్నరేనండి," అన్నాడు ఇమ్మానియేలు.

"ఒక్కదానికి ఒకటి. రెంటికీ ఒకటే. మూడింటికి ఒకటిన్నర!" పానకాలరావుగారి మొహం వెలిగిపోయింది. మోకాళ్ళు తట్టుకుంటూ లేచారు. "ఇదెక్కడి లెక్కయ్యా! రెట్టింపు కంటే ఇదే బాగుంది గదటయ్యా! హయాత్‌గారూ, ఇది ఎక్కడన్నా చదివారా మీరు?"

"నేను చదవలేదు. ఎవరన్నా రాశారేమో వెతకాలి," అన్నారు హయాత్‌గారు. "రాయకపోతే మీరు రాయాలి. ఎవరు తేల్చారు ఇది?"

ఆ ప్రశ్నకు ఇమ్మానియేలు హెడ్డుగారి వంక చూశాడు. పేపరు హెడ్డుగారిది. టైపు చేయించింది ఆయన. తన పేరుకు జాగా ఆఖరి పేజీలో గీత మీద తప్ప ఎక్కడా లేదు.

పానకాలరావుగారు కోటు జేబులోంచి కలం తీశారు. టైపు కాగితాలు తెప్పించి, మొదటి పేజీ మీద 'రెట్టింపు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన 'పరిమితి' అని రాశారు. చేతి మిరప ఎరుపు కాగితానికి అంటింది. తన పేరుకు ముందు ఇమ్మానియేలు పేరు రాసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"పదకొండుసార్లూ ఒప్పే చేశావన్నమాట," అన్నారు. "నాకే కూడికలు రాలేదు."

హయాత్‌గారు ఇమ్మానియేలు భుజం తట్టి, "ఈయన పర్మనెంటేనా?" అని అడిగారు.

"ఇవాళ్టిదాకా కాదు," అన్నారు పానకాలరావుగారు. "సోమవారం పోస్టులో కాగితం పోతుంది." అని, రెబ్కమ్మ వైపు తిరిగి, తనకు అలవాటు లేని పని చేశారు. రెండు చేతులూ జోడించారు.

"చేతులు కళ్ళకు తగలనియ్యబాకయ్యా," అంది రెబ్కమ్మ.

తిరుగు ప్రయాణంలో బండి మీద మాలకొండయ్య పగ్గాలు వదిలేసి కూర్చున్నాడు. ఎడ్లను అదిలించలేదు. కిటుకు తెచ్చుకుందామని వెళ్ళి, కిటుకు లేదని తెలుసుకుని వస్తున్నాడు. పెదకాకాని దాటాక ఒకసారి వెనక్కి తిరిగి, "అంత చదువుకున్నాయనకే రాలేదు," అన్నాడు. రెబ్కమ్మ పేలికలు సరిచూసుకుంటూ ఊ కొట్టింది.

సోమవారం పొద్దున ఇమ్మానియేలు కాలేజీకి పోతూ కల్లం దగ్గర సైకిలు ఆపాడు. బేరగాడు గురవయ్య అప్పటికే వచ్చి ముందు వరస చుట్టూ తిరుగుతున్నాడు. రెబ్కమ్మ ఆఖరి వరసలో కూర్చుని తాలు ఏరుతోంది. చాట కొండమ్మ చేతిలో ఉంది.

"ఏందయ్యా మాలకొండయ్యా," అన్నాడు గురవయ్య మూతి విరుస్తూ. "రెండు చేలు వేశావు, కోటలాగా కల్లం పెట్టావు. ముందు వరసలో నిండు ఎరుపు రెండే గంపలా?"

కల్లంలో ఏరే చేతులు ఆగాయి. మాలకొండయ్య ముందు వరస చూశాడు, వెనక వరస చూశాడు. నడుచుకుంటూ పోయి కొండమ్మ చేతిలోంచి చాట తీసుకున్నాడు. ఎండలో ఆ చివరిదాకా నడిచి, రెబ్కమ్మ ముందు ఆగి, చాట ఆమె ఒళ్ళో పెట్టాడు. రెబ్కమ్మ వంపు తిరిగిన వేళ్ళు దాని అంచును పట్టుకున్నాయి.

మాలకొండయ్య బేరగాడి వైపు తిరిగి, రోడ్డు మీదికి వినపడేలా అన్నాడు.

"అంతకంటే రాదయ్యా! మా రెబ్కమ్మ పేర్చిన వరస అది. ఇంకొకడెవడన్నా అంతకంటే బాగా పేర్చి చూపిస్తే కాయ ఊరికే ఇస్తా. శనివారం గుంటూరు కాలేజీలో హెడ్డుగారు కోటు విప్పి పేర్చాడు, కళ్ళు మండించుకున్నాడు, ఆయన వల్లే గాలా!"